ప్లగ్గులో పెట్టినా ఎఫ్‌పీఎస్ పడిపోయే గేమింగ్ ల్యాప్‌టాప్: విశాఖలో ఏళ్ల తరబడి వాడాక

ఇది 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 230 వాట్ల ఛార్జర్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో చెప్పబోయే తంటాలు ఈ తరగతి మెషీన్లలో చాలావాటికి కొద్దో గొప్పో ఉన్నవే, ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కొత్తలో వచ్చే సమీక్షలు ఏసీ గదిలో పది నిమిషాలు బెంచ్‌మార్క్ నడిపి మార్కులు వేసేస్తాయి. మే నెలలో ఎంవీపీ కాలనీ మేడమీది గదిలో గంటన్నర ఆడాక, ఛార్జర్ తగిలించే ఉన్నా 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీదికొచ్చే ఫ్రేములు) కాస్తా 35కి దిగితే ఎక్కడ చూడాలో వాటిలో దొరకదు.

మన ఊళ్లో ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే ఎవర్నడిగినా ముందు వచ్చే మాట "వేడెక్కిపోయిందండీ". వెంటనే ఓ కూలింగ్ ప్యాడ్ చేతిలో పెడతారు. ఉక్కపోత ఊరు కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది కూడా. కానీ ప్లగ్గులో ఉండగా పడిపోయే ఎఫ్‌పీఎస్‌కి వేడి ఎంత కారణమో, చిప్పులకి కరెంటు చాలకపోవడం కూడా అంతే కారణం. అందుకని డిగ్రీల కంటే ముందు వాట్లు చూడాలి.

చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సెన్సర్ల ప్రోగ్రాం చాలు. సెన్సర్స్ ఓన్లీ అని టిక్ పెట్టి తెరిచి, వెనక నడవనివ్వండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే అంకెలు ఆట తెర మీదే కనబడతాయి. కావలసినవి: జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాట్లు, డిగ్రీలు, క్లాక్ (నడిచే వేగం), వీడియో మెమరీ వాడకం, సీపీయూ (ప్రాసెసర్) వాట్లు, డిగ్రీలు, క్లాక్, చివరిగా బ్యాటరీ శాతం. ఈ చివరిదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, సగం గుట్టు అందులోనే ఉంటుంది. ఆటలో ఒకే చోట కనీసం అరగంట ఉండి అంకెలు రాసుకోండి. మొదటి ఐదు నిమిషాలవి పక్కన పడేయొచ్చు, చిప్పుల వేడిని లాగే హీట్‌సింక్ రాగి పూర్తిగా వేడెక్కడానికే ఆ మాత్రం పడుతుంది.

ఈ మెషీన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు కార్డు 115 వాట్లు నిలకడగా లాగుతుంది. ప్రాసెసర్‌కి పెద్దగా పని లేకపోతే డైనమిక్ బూస్ట్ ఇంకో 15 కలిపి 130 దాకా తీసుకెళ్తుంది, ప్రాసెసర్ మీద బరువు పడగానే ఆ 15 వెనక్కి తీసేసుకుంటుంది. అంటే 130 నుంచి 115కి దిగడం జబ్బు కాదు. 80కో 60కో దిగితే మాత్రం వెతకాలి.

పడిపోయే తీరు చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. కార్డు డిగ్రీలు తన హద్దయిన 87 దగ్గర ఆగిపోయి, క్లాక్ అరగంట మీద కొద్దికొద్దిగా జారుతూ ఉంటే అది వేడి. ఉన్నట్టుండి ఒకే దెబ్బకి వాట్లు సగానికి పడి, ఆ వెంటనే డిగ్రీలు కూడా 70కి, 60కి దిగిపోతే అది కరెంటు వైపు గొడవ. వేడి వల్ల వెనక్కి తగ్గిన కార్డు చల్లబడిపోదు, హద్దు దగ్గరే వేలాడుతూ ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్టుని అనవసరంగా మార్పించుకునే ఖర్చు తప్పుతుంది. ఇక గ్రాఫు రంపపు పళ్లలా కొన్ని సెకన్లకోసారి పైకీ కిందకీ ఆడుతుంటే రెండిట్లో ఒకటి: ప్రాసెసర్ 95, 100 డిగ్రీలు తాకి వెనక్కి వస్తూ ఉండాలి, లేదా ఛార్జర్ తన హద్దు దగ్గర కొట్టుకుంటూ ఉండాలి.

వాట్లు తగ్గినా కరెంటుతోనూ వేడితోనూ సంబంధం లేని సందర్భం ఒకటుంది. ఆట సెట్టింగుల్లో టెక్స్చర్లు (వస్తువుల పైతలం బొమ్మలు) అల్ట్రాలో పెడితే ఈ కార్డుకున్న 6 జీబీ మెమరీ నిండిపోతుంది. మిగతా డేటా మామూలు ర్యామ్ నుంచి రావాలి, అది వచ్చేదాకా కార్డు ఖాళీగా ఎదురు చూస్తుంది. వాడకం 99 శాతం చూపిస్తూనే వాట్లు 75, 80 దగ్గర ఉంటాయి. టెక్స్చర్లు ఒక మెట్టు దించండి, వెంటనే తేలిపోతుంది.

ఇప్పుడు ఛార్జర్ లెక్క. దాని మీద 19.5 వోల్టులు, 11.8 ఆంపియర్లు అని ఉంటుంది, గుణిస్తే 230 వాట్లు. కార్డుకి 130, ఆటలో ప్రాసెసర్‌కి 45 నుంచి 60, తెర, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, కీబోర్డు లైట్లకి కలిపి ఓ పాతిక ముప్పై. మొత్తం 200 నుంచి 220. మిగులు చాలా తక్కువ. 12700హెచ్ టర్బోలో (అవసరాన్ని బట్టి వేగం పెంచుకున్న స్థితిలో) ఉన్నప్పుడు 115 వాట్ల దాకా లాగగలదు కాబట్టి, షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడూ, వందల పాత్రలు ఒకేసారి తెర మీదికి వచ్చినప్పుడూ ఈ లెక్క 230 దాటిపోతుంది. ఆ లోటును బ్యాటరీ పూడుస్తుంది. ప్లగ్గులో ఉండగానే బ్యాటరీ 100 నుంచి 93కి దిగడం మీకు కనబడితే కంగారు పడక్కర్లేదు, డిజైనే అలాంటిది. నన్నడిగితే ఈ మెషీన్‌కి 280 వాట్ల ఛార్జర్ ఇవ్వాల్సింది, బరువు తగ్గించుకోవడానికి కంపెనీ ఇక్కడ పిసినారితనం చూపింది.

బ్యాటరీ కొత్తగా ఉన్నన్నాళ్లూ ఇది బయటపడదు. అది అరిగిన కొద్దీ లోటు పూడ్చే శక్తి తగ్గుతుంది, ల్యాప్‌టాప్ లోపలి ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ముందే జాగ్రత్తపడి చిప్పుల్ని తొక్కిపెడుతుంది. ఈ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ 30 శాతం కిందకి వెళ్లగానే టర్బో ఆగిపోయి, కార్డు 60 వాట్ల చుట్టూ తిరుగుతుంది, ఛార్జర్ ఉన్నా సరే. ఇంకో సంగతి: బ్యాటరీ 20 శాతంలో ఉండగా ప్లగ్గు పెట్టి వెంటనే ఆట మొదలెడితే ఛార్జర్ శక్తిలో కొంత ఛార్జింగ్‌కే పోతుంది. 80 శాతం దాటాక మొదలెట్టండి, తేడా అంకెల్లోనే కనబడుతుంది. ఎంత అరిగిందో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి బ్యాటరీరిపోర్ట్ ఆప్షన్ జోడించి కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదానిలో 60 శాతానికి దిగిందంటే, ఆటల కోసం వాడేవాళ్లకి ఆ బ్యాటరీ అయిపోయినట్టే. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, కింది మూత సరిగ్గా మూసుకోకపోయినా అంకెలతో పనిలేదు, వాడటం ఆపేసి బ్యాటరీ తీయించేయాలి.

గోడ దగ్గర ఎంత లాగుతుందో చూపించే ప్లగ్-ఇన్ వాట్ మీటర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, కూలింగ్ ప్యాడ్ కంటే ఇది మేలైన కొనుగోలు. ఛార్జర్‌లో పదో వంతు దాకా వేడి కింద పోతుంది కనుక పూర్తి లోడు మీద మీటర్ 250 చుట్టూ చూపిస్తుంది. అక్కడ కదలకుండా నిలబడి, బ్యాటరీ శాతం తగ్గుతూ ఉంటే ఛార్జర్ హద్దుకి వచ్చినట్టు. మీటర్ 120, 130 దగ్గర ఉండి ఎఫ్‌పీఎస్ పడిపోయి ఉంటే, ల్యాప్‌టాపే తక్కువ అడుగుతోంది: తప్పు సెట్టింగులోనో, ఛార్జర్ గుర్తింపులోనో ఉంది.

గుర్తింపు అన్నానుగా, విశాఖలో దీన్ని కాస్త ఎక్కువ పట్టించుకోవాలి. చాలా కంపెనీల ఛార్జర్ పిన్నులో మధ్యన సన్నటి సూది ఉంటుంది. తాను ఎన్ని వాట్ల ఛార్జర్నో అది ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ సూది వంగినా, దాని మీద చిలుము పట్టినా కరెంటు వస్తూనే ఉంటుంది గానీ, ఎన్ని వాట్లో ల్యాప్‌టాప్‌కి తెలియదు. తెలియనప్పుడు అది భయపడి ప్రాసెసర్‌ని 400 నుంచి 800 మెగాహెర్ట్జ్‌లో కట్టేస్తుంది. డిగ్రీలు 50 దగ్గరే ఉంటాయి, విండోస్ మెనూ తెరవడానికే ఆపసోపాలు పడుతుంది. ఆన్ చేయగానే ఛార్జర్ గుర్తుపట్టలేదన్న సందేశం వస్తే సందేహమే అక్కర్లేదు. లాసన్స్ బే, కిర్లంపూడి, రుషికొండ వైపు సముద్రం పక్కనే ఉండేవాళ్ల ఇళ్లలో కిటికీ దగ్గర పెట్టిన ఏ లోహమైనా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఉప్పు తేమ ఈ పిన్నునీ వదలదు. ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ గోడ నుంచి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి దూది పుల్లతో పిన్ను, సాకెట్ రెండూ తుడిచి, పావుగంట ఆరనివ్వండి. కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40 లాంటివి వద్దు, దుమ్ము అంటుకుని ఇంకా పాడవుతుంది.

ప్రాసెసర్ సెట్టింగులు మార్చే థ్రాటిల్‌స్టాప్ ప్రోగ్రాంలో బీడీ ప్రోచాట్ (మదర్‌బోర్డు చెబితే ప్రాసెసర్ వేగం తగ్గించే సంకేతం) అనే గడి టిక్ తీసేస్తే ఈ కట్టు విడిపోతుందని అక్కడక్కడ చెబుతుంటారు. నిజమే, విడిపోతుంది. తప్పు ఛార్జర్ గుర్తింపులోనే ఉందని నిర్ధారించుకోవడానికి ఐదు నిమిషాలు తీసి చూడొచ్చు. అలాగే వదిలేస్తే మాత్రం మదర్‌బోర్డు అరిచే అరుపు ప్రాసెసర్‌కి వినబడకుండా చేసినట్టే. పవర్ సర్క్యూట్ నిజంగా వేడెక్కినప్పుడు ఆపేవాడుండడు.

కరెంటు పోయి రావడం ఇంకో తిరకాసు. వానాకాలంలో, తుపాను గాలులప్పుడు లైట్లు ఒక్క క్షణం రెప్పలాడిస్తే చాలు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మోడ్‌కి దూకుతుంది. కరెంటు వెంటనే వచ్చినా కార్డు మాత్రం బ్యాటరీ మోడ్‌లో ఉండే తక్కువ వాట్ల దగ్గరే ఇరుక్కుపోతుంది. ఈ మెషీన్‌లో ఇది తరచూ కనిపించే లోపం, బయాస్ అప్‌డేట్లు వచ్చినా పూర్తిగా పోలేదు. ఛార్జర్ పిన్ను తీసి, పది సెకన్లాగి మళ్లీ పెట్టండి. కాకపోతే స్లీప్‌లో పెట్టి లేపండి. అప్పటికీ కదలకపోతే పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపలి కంట్రోలర్ కొత్తగా మొదలవుతుంది.

ఇన్వర్టర్ మీద ఆడేవాళ్లు వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే అందులో పెట్టుకోవాలి, మారే వ్యవధి తగ్గుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇంత పెద్ద ఛార్జర్ జుమ్మని మోగుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది కూడా. సైన్ వేవ్ అయితే ఆ బెడద లేదు. లో వోల్టేజ్ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు: ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా తయారైందే, గోడలో 180 వచ్చినా తన పని తాను చేసుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా మోయలేక ఫెయిల్ అవ్వదు, లాగేది ఒక ఆంపియరు చిల్లరే. అందులో ప్లగ్గు వదులుగా ఉండి మెదిలినప్పుడల్లా కనెక్షన్ తెగడమే అసలు సమస్య. గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి ఒక పూట ఆడితే తెలిసిపోతుంది. అన్నట్టు, రేకు మూత తాకితే చిన్నగా షాకు కొడుతుంటే అది ఎర్తింగ్ లోపం. దానికీ ఎఫ్‌పీఎస్‌కీ సంబంధం లేదు, కానీ ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిన పనే.

100 వాట్ల టైప్-సి ఛార్జర్ మీద ఈ తరగతి ల్యాప్‌టాప్‌లో ఆటలు సరిగ్గా నడవవు. ఆఫీసు పనికి సరే.

ఇక వేడి. గది 5 డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఏసీ 26లో 79 డిగ్రీలు చూపిన కార్డు, 34 డిగ్రీల గదిలో 87 హద్దుకి చేరిపోతుంది. కాబట్టి ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో కొంత తగ్గుదల సహజం, దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడటం వృథా ప్రయాస. పోగొట్టగలిగింది దుమ్ము. పోర్టు దగ్గర్లో, పాతబస్తీ, జ్ఞానాపురం వైపు ఇళ్లలో సన్నటి నల్లటి పొడి చేరుతుంది. బీచ్ వైపు దుమ్ము తక్కువే గానీ, ఉప్పు తేమతో కలిసి హీట్‌సింక్ రెక్కల మీద మెత్తటి చాపలా అట్టకడుతుంది. ఆ అట్ట ఫ్యానుకీ రెక్కలకీ మధ్య లోపలి వైపు ఉంటుంది కాబట్టి బయటి నుంచి బ్లోయర్ కొడితే వదులు దుమ్ము లేస్తుందే తప్ప అది రాదు. కింది మూత విప్పాల్సిందే. స్క్రూలు కొన్ని పొడవు, కొన్ని పొట్టి, తీసిన చోటు గీసిన కాగితం మీద గుచ్చిపెట్టుకోండి. మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఫ్యాను రెక్కని పుల్లతో కదలకుండా పట్టి, మెత్తటి బ్రష్షుతో అట్టని లాగి, అప్పుడు గాలి కొట్టాలి. ఫ్యాను వదిలేసి బ్లోయర్ కొడితే అది తన వేగానికి మించి తిరిగి బేరింగ్ పోతుంది. వేసవి మొదలవక ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి చేస్తే సరిపోతుంది.

దుమ్ము తీశాక కూడా తగ్గకపోతే థర్మల్ పేస్టు సంగతి చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో జీపీయూ డిగ్రీలకీ, హాట్‌స్పాట్‌కీ (చిప్పులో అన్నిటికంటే వేడి చోటు) మధ్య తేడా 10 నుంచి 15 ఉంటే పర్వాలేదు. 25 దాటితే పేస్టు చిప్పు మీంచి పక్కలకి జారిపోయినట్టు. ల్యాప్‌టాప్ చిప్పులకి పైన లోహపు మూత ఉండదు, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పలచటి పేస్టు కొంచెం కొంచెం బయటికి నెట్టబడుతుంది. అందుకే మామూలు పేస్టు వేయించుకుంటే కొన్ని నెలలకే మళ్లీ మొదటికొస్తుంది. హనీవెల్ పీటీఎం7950 అనే ఫేజ్ చేంజ్ షీటు దీనికి సరైనది. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్పుకి అతుక్కుంటుంది, జారిపోదు. ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి తీస్తే పైపొర చిరగకుండా ఊడుతుంది. చిప్పు కొలతకి కత్తిరించి అతికించి, హీట్‌సింక్ స్క్రూలు వాటి పక్కన ముద్రించిన అంకెల వరసలోనే కొంచెం కొంచెంగా బిగించాలి. మొదటి రోజు అంకెలు చూసి నిరాశపడకండి, కొన్నిసార్లు వేడెక్కి చల్లారాకే కుదురుకుంటుంది. ఈ మెషీన్‌లో ప్రాసెసర్ దగ్గర 8 డిగ్రీలు, హాట్‌స్పాట్ దగ్గర 10 దాకా తగ్గింది, అలాగే నిలిచింది. మెమరీ చిప్పుల మీది రబ్బరు ప్యాడ్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే ముట్టుకోవద్దు. అర మిల్లీమీటరు మందం తేడా వచ్చినా హీట్‌సింక్ అసలు చిప్పుకి ఆనదు.

కూలింగ్ ప్యాడ్ వల్ల దక్కింది 3 డిగ్రీలు. వెనక రెండు కాళ్ల కింద మూడు సెంటీమీటర్ల చెక్కముక్క పెడితే దక్కిందీ దాదాపు అంతే.

ఖర్చులేని మందు సీపీయూ వాట్లు తగ్గించడం. రెండు చిప్పులకీ హీట్ పైపులు ఉమ్మడి కనుక ప్రాసెసర్ మిగిల్చిన వేడి కార్డుకి లాభం, ఛార్జర్ దగ్గరా మిగులు దొరుకుతుంది. విండోస్ పవర్ ప్లాన్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో పూర్తిగా ఆగిపోతుంది. డిగ్రీలు బాగా పడతాయి గానీ, ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో ఎఫ్‌పీఎస్ కూడా పడుతుంది. థ్రాటిల్‌స్టాప్‌లోనో, కంపెనీ యాప్‌లోనో దీర్ఘకాల పవర్ లిమిట్ 45 వాట్లు పెట్టడం మధ్యేమార్గం. 12700హెచ్ బేస్ పవర్ అదే కాబట్టి చిప్పుకి ఇబ్బంది లేదు. ఈ తరం హెచ్ చిప్పుల్లో చాలావాటికి ప్రాసెసర్ అండర్‌వోల్టింగ్‌కి (తక్కువ వోల్టేజీ మీద నడపడానికి) తాళం వేసి ఉంటుంది, కార్డుకి ఆ అడ్డు లేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కితే వచ్చే వోల్టేజీ-క్లాక్ గీతలో 800 మిల్లీవోల్టుల దగ్గర 1700 మెగాహెర్ట్జ్ పెట్టి, కుడివైపు మొత్తం చదును చేశాక, ఇంతకు ముందు 115 వాట్లు తిన్న ఆట 90 వాట్లలో అదే ఎఫ్‌పీఎస్ ఇస్తోంది. మీ చిప్పుకి కుదరక ఆట మూసుకుపోతే 25 మిల్లీవోల్టులు పెంచుకుంటూ వెళ్లండి.

సెట్టింగుల సంగతి తొందరగా. ఎఫ్‌పీఎస్ సరిగ్గా 30 దగ్గరో, 40, 60 దగ్గరో గీత గీసినట్టు ఆగి, కార్డు వాడకం తక్కువగా ఉంటే ఎవరో పగ్గం వేశారన్నమాట: ఎన్‌విడియా బ్యాటరీ బూస్ట్, విస్పర్ మోడ్, ఆటలోని ఫ్రేమ్ లిమిట్, వీ-సింక్. విండోస్ 11లో సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ కిందున్న పవర్ మోడ్ ప్లగ్గుకి వేరు, బ్యాటరీకి వేరు. ప్లగ్గుకి సంబంధించినదాన్ని మార్చాలి. కీబోర్డు మీది మోడ్ బటన్ చేయి తగిలి సైలెంట్‌లోకి పోవడం కూడా మామూలే.

ఇన్ని తంటాలున్నా మెషీన్ పారేయదగ్గది కాదు. కీబోర్డు, తెర మడిచే కీలు (హింజ్) ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, తెర రంగు మారలేదు. ఏసీ గదిలో ఆడేవాళ్లకీ, మూత విప్పడానికి భయపడనివాళ్లకీ సెకండ్ హ్యాండ్‌లో కూడా మంచి బేరమే. అలా కొంటే చూడాల్సినవి: బ్యాటరీ రిపోర్టు, ఛార్జర్ పిన్ను మధ్య సూది, అరగంట ఆటలో కార్డు వాట్లు. ఛార్జర్ అసలుదేనా అన్నది కూడా. 230 అని స్టిక్కరున్న నకిలీ ఛార్జర్లు బరువులోనే తేలిపోతాయి, పూర్తి లోడు పడితే పావుగంటలో వేడెక్కి ఆగిపోతాయి. కొత్తది కొనాల్సి వస్తే వోల్టులు, పిన్ను సరిగ్గా సరిపోయే కంపెనీ ఛార్జరే తీసుకోండి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుంటే ఈ తిప్పలన్నీ మళ్లీ మొదలు.